కోరాపుట్ క్లాసులో ఐదో కాగితం

రాయగడ మీదుగా కోరాపుట్ వెళ్లి వచ్చి నెల దాటింది. నడుం నొప్పి ఇంకా పూర్తిగా వదల్లేదు. అటు వెళ్లినవాళ్లు జలపాతాల గురించి, కాఫీ తోటల గురించి చెబుతారు. నేను చూసింది ఎక్కువగా ఒక రేకుల కప్పు హాలు, అందులో ఇరవై ముగ్గురు గుమస్తాలు. వాళ్ల సంగతే చెప్పగలను.

వెళ్లడానికి కారణం మహాపాత్రో గారు. ఒరిస్సాలో ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. నేను పత్రికలో ఉన్న రోజుల్లో ఆయన్ని వార్తల కోసం చాలాసార్లు విసిగించాను. ఇప్పుడాయన కోరాపుట్‌లో చిన్న శిక్షణ సంస్థ నడుపుతున్నారు. ప్రతి ఫ్యాక్టరీలోనూ ఒక మనిషి ఉంటాడు. హాజరు, సెలవులు, ప్రమాదాలు, ఇలా ఓ డజను రిజిస్టర్లు నింపుతాడు. లేబరాఫీసుకీ, కాలుష్య బోర్డుకీ, పి.ఎఫ్. ఆఫీసుకీ గడువులోగా రిటర్నులు పంపుతాడు. అంతా చట్టప్రకారం నడుస్తోందని కాగితం మీద చూపించడం అతని పని. ఈ మధ్య దాన్ని కంప్లయన్స్ అంటున్నారు. అటువంటివాళ్లకి మూడేళ్లకోసారి మూడు రోజుల క్లాసు, ఐదు రాత పరీక్షలు, ఆఖర్న ఒక సర్టిఫికెట్టు. ఐదో పరీక్ష ప్రమాద నివేదిక రాయడం. అది చెప్పడానికి నన్ను రమ్మన్నారు.

“ముప్పై ఏళ్లు మీరు రాసినవి ప్రమాదాలే కదా” అన్నారు ఫోన్లో. కాదనే ఓపిక లేకపోయింది.

రాయగడ

విజయనగరంలో పొద్దున్న రైలెక్కాను. పార్వతీపురం దాటాక పెట్టెలో మాటలు మారాయి. ఎదుటి బల్ల మీద కూర్చున్నామె మొగుడితో తెలుగులో పోట్లాడి, పనసతొనలమ్మే మనిషితో ఒడియాలో బేరమాడి, గెలిచిన సంతోషంలో నాకు రెండు తొనలిచ్చింది.

రాయగడలో దిగేసరికి ఆకలి. స్టేషనుకి దగ్గర్లో సాలూరు నుంచి వచ్చిన వైశ్య కుటుంబం నడిపే హోటలుంది. ఆకు భోజనం పద్దెనిమిది రూపాయలు. మన దగ్గర పప్పు పప్పే. ఇక్కడ పప్పులో గుమ్మడి, అరటికాయ, కంద వేసి ఉడికించి డాల్మా అంటారు, దాని మీద మన చారు పోస్తారు. కలిపి తింటే రెండు ఊళ్లు ఒకేసారి తిన్నట్టుంటుంది. గల్లా మీది పెద్దాయన్ని, మీరిప్పుడు తెలుగువాళ్లా ఒడియావాళ్లా అని అడిగాను.

“మా తాతలనాడు వచ్చేం బాబూ. ఓట్లు ఒడియాలోన, తిట్లు తెలుగులోన” అన్నాడాయన. “సాలదా?”

కోరాపుట్ రైలుకి ఇంకా రెండు గంటలుంది. ఊళ్లోవాళ్లంతా మజ్జిగౌరమ్మని చూసి వెళ్లమన్నారు. ఎండ చూసి వెళ్లలేదు. ప్లాట్‌ఫారం బల్ల మీద సంచీ తలకింద పెట్టుకుని పడుకున్నాను. కోరాపుట్‌లో నాకు జరిగిన చిన్నా పెద్దా ఇబ్బందులకి అమ్మవారి కోపమే కారణమని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

కొండల రైలు

కోరాపుట్ బండిలో నా పక్కన యాభై దాటిన మనిషి కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒళ్లో రెగ్జిన్ సంచీ. నా చేతిలో ఉన్న మహాపాత్రో గారి ఉత్తరాన్ని పక్కనుంచి చదువుతున్నాడు. దాచుకోవడం కూడా లేదు.

“ఈ ఉత్తరానికి నెంబరు లేదు బాబూ” అన్నాడు చివరికి.

“ఏ నంబరు?”

“లెటర్ నెంబరు. తేదీ ఉన్నాది, నెంబరు లేదు. రేపు మిమ్మల్ని పిలవనేదని వాళ్లంటే ఏటి సూపిస్తారు? దీనికి మీరు జవాబు పంపేరా? రిసీవ్డ్ తీసుకున్నారా?”

ఫోన్లో చెప్పానన్నాను. అతను నా వైపు జాలిగా చూశాడు.

పేరు సూర్యనారాయణ. తండ్రి చీపురుపల్లి నుంచి రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా వచ్చి రాయగడలో ఉండిపోయాడు. ఊరి బయట ఉన్న ఒక చిన్న ప్లైవుడ్ ఫ్యాక్టరీలో రిజిస్టర్లూ రిటర్నులూ ఇతనే ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాడు. అతను కూడా ఆ క్లాసుకే వెళుతున్నాడు. నేను పాఠం చెప్పడానికి వెళుతున్నానని తెలిసి సర్దుకు కూర్చున్నాడు, కాని నంబరు విషయంలో మెత్తబడలేదు. వాళ్ల వృత్తిలో ఒక నియమం ఉందట. కాగితం ఇవ్వడం ముఖ్యం కాదు. దాని రెండో ప్రతి మీద అవతలివాడి చేత ‘రిసీవ్డ్’ అని రాయించి, సంతకం, తేదీ వేయించుకుని తెచ్చుకోవాలి. అలా తెచ్చుకోని కాగితం కాగితం కాదు.

“ఇంటికాడ సరుకుల సీటీకైనా తేదీ ఎయ్యమంటాను. మా యింటిది ఎయ్యదు. పాతికేళ్ల నుంచీ మాకదొక్కటే గొడవ” అన్నాడు.

సొరంగాలు మొదలయ్యాయి. పెట్టెలో దీపాలు లేవు. చీకట్లోకి వెళ్లినప్పుడల్లా పిల్లలు కేకలు వేస్తున్నారు. సూర్యనారాయణ మాత్రం చీకట్లో కూడా చెప్పుకుపోయాడు. అతని సర్టిఫికెట్టు గడువు పోయిన ఏడాది ముగిసింది. ఫ్యాక్టరీకి కొత్త మేనేజరొచ్చాడు. ఈసారి సర్టిఫికెట్టు తేకపోతే ఆ కుర్చీలో భువనేశ్వర్ నుంచి డిప్లొమా చదివినవాణ్ణి తెచ్చి కూర్చోబెడతానన్నాడు. ఇల్లు కూడా ఫ్యాక్టరీ క్వార్టరే. రిటైర్మెంటుకి ఇంకా ఆరేళ్లుంది.

“ఐదు కాగితాల్లో ఒకటి లేకపోయినా ఇవ్వరంట. నిజమేనా?”

నిజమే. ఇంకో సంగతి కూడా మహాపాత్రో గారు నాకు ముందే చెప్పారు. అభ్యర్థి రాసిన ఐదు కాగితాలనూ సర్టిఫికెట్టుకి కుట్టి, ఫీజు కట్టిన ఫ్యాక్టరీకి అతని చేతికే ఇచ్చి పంపుతారు. మనిషి మూడు రోజులూ నిజంగా చదివాడని యజమానికి రుజువు కావాలి కదా.

కోరాపుట్

దిగేసరికి వాన. మన దగ్గర వాన పడి పోతుంది. ఇక్కడ వచ్చి కూర్చుంటుంది. స్టేషను మెట్ల మీద నా కుడి బూటు అడుగు ఊడి వెనకే ఉండిపోయింది. మర్నాడు ఆదివారం, చెప్పులు కుట్టే మనిషి రాలేదు. లాడ్జివాళ్ల నీలం హవాయి చెప్పులు వేసుకుని క్లాసుకి వెళ్లాను. ఎడమది ఒక సైజు పెద్దది.

హాల్లో వాన చప్పుడుకి సగం మాటలు వినపడవు. మొదటి రోజు మహాపాత్రో గారు కొత్త నిబంధనలు చెబుతుంటే ఇరవై ముగ్గురూ తలలొంచి రాసుకున్నారు. ఎవరి మొహంలోనూ ఉత్సాహం లేదు, ఎవరూ నిద్రపోనూ లేదు. చేసే పనినే మళ్లీ నేర్చుకోవలసిన మనుషుల మొహాలవి. వాళ్లలో ఒకే ఒక్క అమ్మాయి, మమత. సునాబెడ నుంచి వచ్చింది. తండ్రి శ్రీకాకుళం మనిషి, అక్కడి ఇంజన్ల ఫ్యాక్టరీలో టెక్నీషియను. ఈమె ఒక చిన్న వర్క్‌షాపులో రిటర్నులు చూస్తుంది. సూర్యనారాయణ ఆమె పక్కనే కూర్చుని ఆమె నోటుపుస్తకంలో మార్జిన్లు సరిగా లేవని చెబుతూ ఉన్నాడు.

“మార్జిన్ సూసి సర్టిఫికెట్టు ఇత్తారేటి మాస్టారూ?” అని మమత.

“ఇవ్వరు అమ్మీ. లేకపోతే ఆపుతారు.”

సాయంత్రం వాన తెరిపిచ్చింది. ముగ్గురం కొండమీది జగన్నాథ స్వామి గుడికి మెట్లెక్కాం. నా చెప్పుల వల్ల వాళ్లు రెండుసార్లు ఆగవలసి వచ్చింది. దిగి సంతలోకి వెళ్లాం. కొండ మనుషులు అల్లం, చోళ్లు, అనాసలు కుప్పలు పోసుకున్నారు. అనాస ఐదు రూపాయలు. మన దగ్గర సగం ధర నుంచి బేరం మొదలుపెడతాం. నేను అలాగే రెండన్నాను. అమ్మే ముసలామె పండు వెనక్కి తీసుకుని కుప్పలో పెట్టి ఇంకోవైపు చూసింది. మమత నవ్వింది. “ఈలు బేరం సెయ్యరు సార్. మీరు తిట్టేరనుకుంటాది” అంది. అక్కడి కొండ భాష దేసియాలో రెండు మాటలు చెప్పి, ఐదు రూపాయలిచ్చి తెచ్చింది. తియ్యగా ఉంది. నాకు సిగ్గేసింది.

అవతల ఆకు దొన్నెల్లో చోడి అంబలి, అంటే రాగి జావ, పోస్తున్నారు. సూర్యనారాయణ తాగుతూ, “మా సుక్రా ఇదే తెచ్చుకునేవోడు, సొరకాయ బుర్రలోన” అన్నాడు. సుక్రా ఎవరని అడిగాను. ఫ్యాక్టరీలో చేసేవాడు అని ఊరుకున్నాడు.

నా గంట

రెండో రోజు మధ్యాహ్నం నా పాఠం. చెప్పింది ఎక్కువ లేదు. ఎవరికి, ఎక్కడ, ఎప్పుడు, ఎలా. విశేషణాలు వద్దు. చూసినది ఒక వాక్యం, విన్నది ఇంకో వాక్యం. ఆ తర్వాత, “మీ ఫ్యాక్టరీలో ఒక ప్రమాదం జరిగినట్టు ఊహించి, ఒక పేజీలో నివేదిక రాయండి” అన్నాను. పరీక్ష అదే. నలభై నిమిషాలు.

మమత కాగితం ముందొచ్చింది. బాయిలరు పేలి నలభై మంది పోయారు. పక్కనుంచి చూసిన సూర్యనారాయణ, “అమ్మీ, మీ వర్క్‌షాపులో ఉన్నదే పదకొండు మంది. మిగతావోళ్లని ఎక్కడ్నించి తెచ్చి సంపేవు?” అన్నాడు. క్లాసంతా ఆ మూడు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

తర్వాత సూర్యనారాయణ కాగితం. ఇంగ్లీషులో ఉంది, ఫారాల్లో రాసే ఇంగ్లీషు. రెండో షిఫ్టు, మూడూ నలభై. రెండో నంబరు రంపం. సుక్రా మాఝీ, హాజరు టిక్కెట్టు నంబరు ఇంత. కుడిచెయ్యి, చూపుడువేలు, మధ్యవేలు, రెండో కణుపు దగ్గర తెగాయి. రంపం మీది రక్షణ కప్పు పని తొందరగా సాగదని సోమవారం నుంచి తీసేసి ఉంది. మేనేజరు జీపులో ఒక ప్రైవేటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆస్పత్రికి తీసుకెళ్లలేదు.

నా పత్రిక జీవితంలో అంత శుభ్రమైన కాపీ ఏ కుర్ర విలేకరీ తెచ్చి ఇవ్వలేదు. సంతోషం పట్టలేక పైకి చదివేశాను. నిన్న సంతలో విన్న పేరు అందులో ఉందని గమనించలేదు. చదువుతున్నంతసేపూ వాన ఆగిందేమో, ప్రతి మాటా చివరి బల్లదాకా వినపడింది.

“కప్పు తియ్యమని ఎవరు సెప్పేరో రాయలేదు సార్” అంది మమత. పాఠం ఆమెకి బాగానే ఎక్కింది.

సూర్యనారాయణ వైపు చూశాను. పెన్ను జేబులో పెట్టుకుని నోటుపుస్తకం మూసేశాడు. కిటికీ పక్క కుర్చీలో మహాపాత్రో గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. అది నిజంగా జరిగిందని అప్పటికి నాకర్థమైంది.

వరండాలో

టీ విరామంలో అతన్ని పక్కకి పిలిచాను.

“ఊహించి రాయమన్నాను కదండీ.”

“ఊహించబోయేను బాబూ. తేదీ ఏసేను, షిఫ్టు ఏసేను. పేరు కాడికొచ్చేసరికి అబద్దం పేరు సెయ్యి రాయనేదు. ఫారంలో లేని మనిషిని నేనెప్పుడూ రాయనేదు.”

“మరి మీ రిజిస్టర్లో?”

“అక్కడ ‘లేదు’ అని రాసేను. ‘లేదు’ అంటే ఏటి, ఖాళీ ఒదిలినట్టే కదా అనుకున్నాను.” టీ గ్లాసు కింద పెట్టి, “ఒదిలినట్టు కాదు” అన్నాడు.

మిగతాది మెల్లగా చెప్పాడు. సుక్రా నాలుగు నెలలుగా పనిలో లేడు. పరిహారం ఇప్పించమని లేబరాఫీసులో అర్జీ పెట్టుకున్నాడు. లేబరాఫీసు ఫ్యాక్టరీని అడిగింది. ఇంటి దగ్గర కట్టెలు కొడుతూ గొడ్డలితో నరుక్కున్నాడని, ప్రమాదాల రిజిస్టరులో ఏమీ లేదని ఫ్యాక్టరీ జవాబిచ్చింది. ఆ జవాబు టైపు చేసింది సూర్యనారాయణే. రిసీవ్డ్ కాపీ కూడా అతని దగ్గరే భద్రంగా ఉంది.

ఆ కాగితం ఇప్పుడు నా చేతిలో ఉంది. ఫైల్లో పెడితే, సర్టిఫికెట్టుకి కుట్టి మేనేజరు బల్ల మీదికి పోతుంది. పెట్టకపోతే ఐదు కాగితాలు పూర్తి కావు, సర్టిఫికెట్టు రాదు. ఎలా చూసినా కుర్చీ పోతుంది, ఇల్లు పోతుంది. అందులో నా పాత్ర కూడా ఉంది. చదవమని నన్నెవరూ అడగలేదు.

మహాపాత్రో గారు మా దగ్గరికొచ్చారు. మునుపు ఫ్యాక్టరీలు ఆయన్ని చూసి భయపడేవి. ఇప్పుడు ఆయన సంస్థ ఆ ఫ్యాక్టరీలు కట్టే ఫీజు మీద నడుస్తోంది.

“నేను వినలేదు. వాన” అన్నారు ఇంగ్లీషులో. తర్వాత తెలుగులో, “రేపు పొద్దున్నలోగా ఇంకో కాగితం రాసియ్యమనండి. ఇది నా ఫైల్లో ఉండదు. మీ దగ్గరుంచుకుంటారో, చింపేస్తారో మీ ఇష్టం” అన్నారు. ఆయన మొహంలో కోపం లేదు, అలసట ఉంది. నేనూ వాదించలేదు. ఇద్దరం ఒకే వయసువాళ్లం.

సర్టిఫికెట్లు

మూడో రోజు పొద్దున్న సూర్యనారాయణ రెండో నివేదిక తెచ్చాడు. తడిసిన స్టేషను మెట్ల మీద ఒక ఉపాధ్యాయుడి బూటు అడుగు ఊడి, కాలు బెణికింది. సమయం, మెట్టు సంఖ్య, బూటు ఏ కాలిదో ఉన్నాయి. పేరు రాయలేదు. ఫారంలో ఉన్నట్టే వయసు అని ఒక గడి గీసి, అందులో అరవై ఒకటి అని వేశాడు.

“ఇదీ ఊహ కాదు కదండీ” అన్నాను.

“కాలు బెణకడం ఊహే బాబూ. అదొక్కటే సెయ్యగలిగేను.”

మధ్యాహ్నం సర్టిఫికెట్లిచ్చారు. అతని పేరు పిలిచినప్పుడు మమత గట్టిగా చప్పట్లు కొట్టింది. అతను నంబరు, తేదీ, సీలు చూసుకుని, సంతకం మీద సిరా ఆరేదాకా చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. టీతో పాటు వడ, బఠానీ కూర పెట్టారు. అందరూ తిని బస్సుల వేళకి వెళ్లిపోయారు.

తిరుగు బండి

మర్నాడు మళ్లీ అదే రైలు, మళ్లీ పక్కపక్కనే. దామన్‌జోడి దాటింది. కాకిరిగుమ్మ దగ్గర బండి చాలాసేపు ఆగింది. ఒకామె మొక్కజొన్న పొత్తులు తెచ్చింది, రూపాయికొకటి. తిన్నాక అతను చేతులు తుడుచుకుని, “ఆ మొదటి కాగితం ఉన్నాదా బాబూ?” అన్నాడు.

నా సంచీలోనే ఉంది. తీసి ఇచ్చాను. చింపి కిటికీలోంచి పారేస్తాడనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలా చేస్తే బాగుండునని కూడా అనుకున్నాను.

అతను రెగ్జిన్ సంచీ ఒళ్లో బల్లలా పెట్టుకుని, కింద మిగిలిన చోటులో ఒక వాక్యం చేర్చాడు. ఈ ప్రమాదాన్ని రిజిస్టరులో రాయలేదు, ‘లేదు’ అని రాసింది నేనే అని. సంతకం చేసి తేదీ వేశాడు. పైనున్న నివేదికకి మొన్నటి తేదీ, ఈ వాక్యానికి ఇవాళ్టి తేదీ.

“ఏం చేస్తారు దీన్ని?”

“ముందుగా ఆఫీసుకెళ్లి సర్టిఫికెట్టు ఇచ్చి రిసీవ్డ్ తీసుకుంటాను. ఆ తరవాత ఇది లేబరాఫీసులో ఇస్తాను. ముందిదిస్తే అది తీసుకోరు.”

“ఉద్యోగం పోతే?”

“పోవచ్చు. మా యింటిదాన్ని అడగాల.” కిటికీలోంచి చూస్తూ అన్నాడు. “సుక్రా నాకాడికొచ్చి ఒక్కసారీ అడగనేదు బాబూ. గేటు కాడ కనిపిస్తే ఎడం సెయ్యి ఎత్తి నమస్కారం సేస్తాడు.”

తర్వాత కాగితం నా వైపు జరిపాడు. “మీరు సంతకం సెయ్యాల.”

“నేనెందుకు?”

“రేపు నేను ఇచ్చేక మేనేజరుకీ నాకూ గొడవవుద్ది. కచ్చతో రాసేనంటారు. ఇది ఏ గొడవా లేనప్పుడు, క్లాసులోన, మీ ముందర రాసింది. మీకిచ్చేను. మీరు తీసుకున్నారు. రిసీవ్డ్.”

బండి కదిలింది. లక్ష్మీపూర్ వచ్చింది, వెళ్లింది. నేను పెన్ను తీయలేదు. ఇంకో రాష్ట్రం, ఇంకెవరిదో కేసు, కోర్టు వాయిదాలు, ఈ కొండలు మళ్లీ ఎక్కడం, నా నడుం. అన్నీ ఆలోచించాను. అతను తొందరపెట్టలేదు. టికిరిలో టీ వచ్చింది, రెండు రూపాయలు. నా టీ డబ్బులు కూడా అతనే ఇచ్చాడు. తర్వాతి సొరంగం దాటి వెలుతురు వచ్చినప్పుడు కాగితం తీసుకుని సంతకం చేశాను, మొన్నటి పాఠం గంటలో అందిందని రాసి తేదీ వేశాను.

అతను కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు.

“ఇది గీతలా ఉన్నాది. పేరు కూడా రాయండి. సంతకం ఎవరిదో తెలవాల.”

పత్రికలో నేను రాసినవన్నీ ‘మా విలేకరి’ పేరుతోనే వచ్చాయి. ఎవడైనా అడిగితే ఆఫీసు చూసుకునేది. సంతకం కింద పేరు రాశాను, విడివిడి అక్షరాల్లో.

“అడ్రస్సు” అన్నాడు.

రాశాను. ఇంటి నంబరు, వీధి, ఊరు, పిన్‌కోడ్. అతను ఒక్కొక్కటే చదివించి సరిచూసుకున్నాడు. ఆరు సున్నాలా ఉందని పిన్‌కోడ్‌లో ఒక అంకె మళ్లీ దిద్దించాడు. రాయగడలో దిగి, సంచీ గుండెకి ఆనించుకుని, వెనక్కి చూడకుండా గేటు వైపు వెళ్లాడు.

ఆ తర్వాత అతని నుంచి ఏ కబురూ లేదు. ఇచ్చాడో లేదో, ఇంట్లో ఏమన్నారో, కుర్చీ ఉందో పోయిందో తెలియదు. వద్దనుకుని ఉంటాడనే నమ్మడం మొదలుపెట్టాను. అలా నమ్మడం హాయిగా ఉంది కూడా.

నిన్న మధ్యాహ్నం రాయగడ లేబరాఫీసు నుంచి రిజిస్టరు కవరు వచ్చింది. సుక్రా మాఝీ అర్జీ విషయంలో వచ్చే నెల మొదటి సోమవారం పదకొండు గంటలకు హాజరై, జతపరిచిన కాగితం మీది సంతకం నాదో కాదో చెప్పాలట. కవరు మీద నా పేరు, ఇంటి నంబరు, వీధి, పిన్‌కోడ్ ఒక్క అంకె తప్పు లేకుండా ఉన్నాయి. పోస్ట్‌మ్యాన్ ఇచ్చిన రసీదు మీద సంతకం చేసి, కింద పేరు కూడా రాశాను.